ఏ చేనికి ఏ పంట? మిరప, ప్రత్తి సాగులో తులనాత్మక ప్రయోజనము



ప్రతి సంవత్సరము మిరప నారుమళ్లు పోయు కాలము వచ్చుసరికి గుంటూరు, ప్రకాశం మైదానముల నల్లరేగడి గ్రామములలో ఒకటే చర్చ నడచును. ఈ యేడు మిరప ఎన్ని ఎకరములు, ప్రత్తి ఎన్ని ఎకరములు? ఈ చర్చలో తరచుగా రెండు మాటలు వినవచ్చును. ఒకరు, "కాలువ క్రింది ఊరిలో ఎకరమునకు ఇరువది క్వింటాళ్ల మిరప దిగినది. మన మెట్టలో మూడు కూడ దిగదు. ప్రత్తిలోను వారే మనకంటె మిన్న. ఇక మనము దేనికి పనికివత్తుము?" అని నిట్టూర్చుదురు. మరియొకరు, "నిరుడు మిరప వేసినవాడు ఇల్లు కట్టినాడు, మనమును వేయుదము" అందురు.

ఈ రెండు మాటలును లెక్కకు నిలువవు. మొదటివారు తమ చేనిని పొరుగూరి చేనితో పోల్చుచున్నారు. రెండవవారు నిరుటి ధరతో ఈ యేటి పంటను పోల్చుచున్నారు. పోల్చవలసినది అది కాదు. మీ చేనిలో ఒక పంట వేసినచో అదే చేనిలో రావలసిన మరియొక పంటను ఎంత వదులుకొనుచున్నారో చూడవలెను. అర్థశాస్త్రములో ఇట్లు వదులుకొన్న దానికి అవకాశ వ్యయము అని పేరు. ఈ పేరు గుర్తుండకపోయినను నష్టము లేదు. ఈ వ్యాసమంతయు "వదులుకొన్న పంట" అను మాట మీదనే నడచును.

రెండు ఊళ్ల లెక్క

రెండు ఊళ్లు ఉన్నవనుకొనుడు. ఒకటి నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద ఆరుతడి నీరు అందు ఊరు. రెండవది వానమీద ఆధారపడిన మెట్ట ఊరు. లెక్క సులువుగా ఉండుటకు ఈ అంకెలు తీసికొందము. ఇవి ఏ ఊరి నిజమైన దిగుబడులును కావు. మీ ఊరి అంకెలు మీరు వేసికొనవచ్చును.

కాలువ ఊరిలో ఎకరమునకు మిరప 20 క్వింటాళ్లు, ప్రత్తి 10 క్వింటాళ్లు. మెట్ట ఊరిలో మిరప 3 క్వింటాళ్లు, ప్రత్తి 6 క్వింటాళ్లు.

రెండు పంటలలోను కాలువ ఊరే మిన్న. ఇట్టి ఆధిక్యమును నిరపేక్ష ప్రయోజనము అందురు. అనగా దేనితోను ముడిపెట్టక, ఊరికే ఎవరు ఎక్కువ పండించిరి అని చూచుట. పైన చెప్పిన నిట్టూర్పు ఈ చూపునుండి వచ్చినదే.

ఇప్పుడు వదులుకొన్న పంటను చూడుడు. కాలువ ఊరి రైతు ఒక ఎకరములో ప్రత్తి వేసి 10 క్వింటాళ్లు తీసినచో 20 క్వింటాళ్ల మిరపను వదులుకొన్నాడు. అనగా అతనికి క్వింటాలు ప్రత్తి ఖరీదు రెండు క్వింటాళ్ల మిరప. మెట్ట ఊరి రైతు 6 క్వింటాళ్ల ప్రత్తికై వదులుకొన్నది 3 క్వింటాళ్ల మిరప మాత్రమే. అతనికి క్వింటాలు ప్రత్తి ఖరీదు అర క్వింటాలు మిరప. ప్రత్తి పండించుటలో చౌకయైన ఊరు మెట్ట ఊరే! దిగుబడి తక్కువైనను, వదులుకొన్నది ఇంకను తక్కువ. దీనికే తులనాత్మక ప్రయోజనము అని పేరు. కాలువ ఊరు మిరపలో మెట్ట ఊరికంటె దాదాపు ఏడు రెట్లు మిన్న, ప్రత్తిలో రెండు రెట్లు కూడ మిన్న కాదు. మెట్ట ఊరి బలము ఆ తక్కువ ఓటమిలోనే ఉన్నది.

ఈ మాట నిజమో కాదో లెక్క వేసి చూతము. రెండు ఊళ్లలోను పదేసి ఎకరములు తీసికొని, చెరిసగము వేసిరనుకొనుడు. కాలువ ఊరిలో మిరప 100, ప్రత్తి 50 క్వింటాళ్లు. మెట్ట ఊరిలో మిరప 15, ప్రత్తి 30. మొత్తము మిరప 115, ప్రత్తి 80.

ఇప్పుడు మెట్ట ఊరివారు పది ఎకరములును ప్రత్తి వేసిరి. 60 క్వింటాళ్లు వచ్చినది. కాలువ ఊరివారు రెండెకరములు మాత్రము ప్రత్తి వేసి 20 క్వింటాళ్లు తీసి, మిగిలిన ఎనిమిదెకరములు మిరప వేసిరి. మిరప 160 క్వింటాళ్లు. మొత్తము ప్రత్తి మునుపటివలెనే 80. మిరప 115 నుండి 160 అయినది. ఒక్క సెంటు భూమి పెరుగలేదు, ఒక్క వాన అదనముగా కురియలేదు. ఏ చేనిలో ఏ పంట వేయవలెనో మార్చుటచేతనే 45 క్వింటాళ్ల మిరప ఎక్కువ వచ్చినది.

ఆ లాభము ఎవరిది? అది మారకపు రేటునుబట్టి ఉండును. క్వింటాలు ప్రత్తికి క్వింటాలు మిరప చొప్పున 30 క్వింటాళ్లు మార్చుకొన్నచో, మెట్ట ఊరికి 30 ప్రత్తి, 30 మిరప దక్కును. మునుపు 30 ప్రత్తి, 15 మిరప ఉండెను. కాలువ ఊరికి 50 ప్రత్తి, 130 మిరప దక్కును. మునుపు 50, 100 ఉండెను. బలహీనమైన ఊరికి 15, బలమైన ఊరికి 30 క్వింటాళ్ల లాభము. పంపకము సమానము కాదు గాని ఇద్దరిలో ఎవరును నష్టపోలేదు. రేటు మారినచో పంపకము మారును. క్వింటాలు ప్రత్తికి అర క్వింటాలు మిరప వచ్చు రేటు వద్ద మెట్ట ఊరికి ఏమియు మిగులదు, లాభమంతయు కాలువ ఊరిదే. రెండు క్వింటాళ్లు వచ్చు రేటు వద్ద కాలువ ఊరికి ఏమియు మిగులదు. ఈ రెండు హద్దుల నడుమ రేటు ఉన్నంతవరకే ఇద్దరికిని లాభము.

ఈ లెక్క క్రొత్తది కాదు. 1776లో ఆడమ్ స్మిత్ తన గ్రంథములో, బయట చౌకగా దొరకు వస్తువును ఇంట ఎక్కువ ఖర్చుతో చేసికొనుట తెలివి కాదని చెప్పెను. కాని రెండు వస్తువులలోను ఒకరే మిన్నయైనచో రెండవవారి గతి యేమి? దీనికి స్పష్టమైన జవాబు 1817లో డేవిడ్ రికార్డో ఇచ్చెను. ఆయన తీసికొన్న ఉదాహరణము ఇంగ్లండు, పోర్చుగల్ దేశములు. ఒక సంవత్సరములో కొంత బట్ట నేయుటకు ఇంగ్లండులో 100 మంది, కొంత ద్రాక్షసారా చేయుటకు 120 మంది కావలెను. పోర్చుగల్‌లో అదే బట్టకు 90 మంది, అదే సారాకు 80 మంది చాలుదురు. రెండింటను పోర్చుగల్ మిన్నయే. అయినను పోర్చుగల్ సారా చేసి, ఇంగ్లండు బట్ట నేసి మార్చుకొన్నచో ఇద్దరికిని మేలని ఆయన చూపెను. రికార్డో గారి బట్ట, సారాలకు బదులు మనము మిరప, ప్రత్తి పెట్టుకొంటిమి, అంతే.

ధర తారుమారు చేయు తీరు

మీరు మిరప నిచ్చి ప్రత్తి పుచ్చుకొనరు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుదురు, జిన్నింగు మిల్లుకో కొనుగోలు కేంద్రమునకో ప్రత్తి తోలుదురు. నడుమ డబ్బు వచ్చినది. కావున మారకపు రేటు అనగా రెండు ధరల నిష్పత్తియే. మన లెక్కలోని మెట్ట ఊరికి సూత్రము ఇది: క్వింటాలు ప్రత్తి ధర, క్వింటాలు మిరప ధరలో సగముకంటె ఎక్కువ ఉన్నంతవరకు ప్రత్తియే మేలు. సగముకంటె తగ్గినచో మిరప ఊరించును.

ఇది ఊహ కాదు. 2023లో గుంటూరు యార్డులో మిరప క్వింటాలు 20,000 రూపాయలు దాటినది. ప్రత్తి 8,000 అనుకొన్నను, అది మిరప ధరలో సగము కాదు. మెట్ట ఎకరములో 3 క్వింటాళ్ల మిరపకు 60,000 రూపాయలు, 6 క్వింటాళ్ల ప్రత్తికి 48,000 రూపాయలు. పైకి చూచినచో మిరపకే 12,000 ఎక్కువ. నీరు లేనిచోట్ల కూడ మిరప నాటుటకు ఆశ పుట్టునది ఇట్టి యేడుననే. కాని మెట్ట మిరపకు నారు, మందులు, కోత కూలి కలిపి ప్రత్తికంటె ఎకరమునకు 12,000 రూపాయలకు మించి ఖర్చగునేమో ముందు చూచుకొనవలెను. మించినచో 20,000 ధరలో కూడ మెట్టలో ప్రత్తియే మేలు.

ఆ ధర నిలువలేదు. 2025 ఫిబ్రవరి నాటికి మిరప ఎంత పడిపోయినదనగా, కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలు 11,781 రూపాయలుగా ధర ప్రకటింపవలసి వచ్చెను. 2017లోను ఇట్లే ధర కూలినప్పుడు ఈ పథకము క్రిందనే 5,000 రూపాయల ధర ప్రకటించిరి. మిరపకు ప్రత్తివలె ఏటేట ముందుగా ప్రకటించు కనీస మద్దతు ధర లేదు. ప్రత్తికి 2024-25లో పొడవు పింజకు 7,521 రూపాయలు మద్దతు ధరగా ఉండెను. ఈ అంకెలతో మెట్ట ఎకరము లెక్క వేయుడు. మిరపకు 35,343 రూపాయలు, ప్రత్తికి 45,126 రూపాయలు. రెండేండ్లలో లెక్క తిరుగబడినది. చేను అదే, రైతు అతడే.

కావున తులనాత్మక ప్రయోజనము మట్టిలో పాతిన సర్వే రాయి వంటిది కాదు. దిగుబడి మీ చేతిలోను వాన చేతిలోను ఉన్నది. ధర అమ్మునాడు తెలియును, పంట మాత్రము ఎనిమిది నెలలు ముందుగా నిర్ణయింపవలెను. నా అభిప్రాయములో, నిరుటి ధరతో కాక, గడచిన అయిదారు సంవత్సరముల ధరలను వ్రాసికొని, వాటిలో మిక్కిలి ఎక్కువది, మిక్కిలి తక్కువది తీసివేసి, మిగిలిన వాటి సగటుతో లెక్క వేయుట మంచిది. ఆ సగటు కూడ తప్పవచ్చును. కాని నిరుటి ధరవలె మోసము చేయదు.

అప్పు పెట్టుబడియైనచో

ఇంతవరకు ఖర్చును పైపైన తాకితిమి. కాలువ ఊరిలోకి పోయి దానిని నిలిపి చూతము, ఏలయన మిరప సాగులో మునిగినవారెవ్వరును దిగుబడి తక్కువై మాత్రమే మునుగలేదు.

కాలువ ఊరి ఎకరములో మిరప 20 క్వింటాళ్లు, ధర 11,781 చొప్పున 2,35,620 రూపాయలు. ప్రత్తి 10 క్వింటాళ్లు, 7,521 చొప్పున 75,210 రూపాయలు. మూడు రెట్ల తేడా! ఈ తేడా చూచియే మనసు మిరపవైపు పోవును. ఇప్పుడు మిరపకు నారు, ఎరువు, మందులు, కోతలు, కల్లము, రవాణా అన్నియు కలిపి 2,00,000 రూపాయలు, ప్రత్తికి 45,000 రూపాయలు ఖర్చు వేయుడు. మిరపలో మిగిలినది 35,620. ప్రత్తిలో మిగిలినది 30,210. మూడు రెట్ల తేడా అయిదువేలకు దిగినది.

ఆ డబ్బు సొంతము కాక, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైనచో? మిరపకు పది నెలల వడ్డీ 40,000. ప్రత్తికి ఎనిమిది నెలల వడ్డీ 7,200. మిరపలో 4,380 రూపాయలు చేతినుండి పోవును. ప్రత్తిలో 23,010 రూపాయలు మిగులును.

గట్టుకు ఈ ప్రక్క ఒకరు, ఆ ప్రక్క ఒకరు. ఒకే నేల, ఒకే కాలువ, ఒకే విత్తనము, ఒకే దిగుబడి. సొంత డబ్బు గలవానికి మిరప ధర క్వింటాలు 11,510 దాటినచో ప్రత్తికంటె మిరప మేలు. అప్పు తెచ్చినవానికి 13,150 దాటవలెను. ఈ రెండు ధరల నడుమ ఏ ధర వచ్చినను, ఒకరికి తగిన పంట రెండవవారికి తగదు. "పక్కవాడు వేసినాడు" అన్న మాటలో ఉన్న ప్రమాదము ఇదియే. అప్పు యెక్కువగా ఉన్న రైతే ఆ అప్పు తీరునన్న ఆశతో ఎక్కువ పెట్టుబడి పంటవైపు మొగ్గుట చూచుచున్నాము. లెక్క చెప్పునది దీనికి విరుద్ధము. పెట్టుబడికి వెదకికొను స్థితిలో ఉన్నప్పుడు ఎకరమునకు ఎంత మిగులునని కాక, పెట్టిన రూపాయికి ఎంత మిగులునని చూడవలెను. బ్యాంకులో గాని, సహకార సంఘములో గాని తక్కువ వడ్డీకి పంట ఋణము దొరికినచో ఈ హద్దు 13,150 నుండి క్రిందికి దిగును. పంట ఋణమునకై తిరుగుట కూడ సాగులో భాగమే.

కౌలు సంగతి వేరుగా చూడవలెను. ఏ పంట వేసినను ఒకే కౌలు కట్టవలసినచో, ఆ కౌలు పంట ఎన్నికను మార్చదు. రెండింటనుండియు సమానముగా పోవును. అది మార్చునది ఒక్కటే: ఆ భూమి పుచ్చుకొనవలెనా, వద్దా? ఎకరము కౌలు 40,000 అనుకొన్నచో, పైన చెప్పిన 11,781 ధరలో సొంత డబ్బుతో చేసినవానికి కూడ ఏ పంటలోను గిట్టదు. మిరపకైతే ఇంత, ప్రత్తికైతే ఇంత అని యజమాని వేరు వేరు కౌలు అడిగినచో, ఆ తేడాను మిరప ఖర్చులో కలుపవలెను. మంచి ధర వచ్చిన యేటి తరువాత కౌళ్లు పెరుగును గాని, ధర పడినప్పుడు అంత త్వరగా తగ్గవు. చేను బాగుండుటచే కలుగు లాభము చివరకు చేను యజమానికే చేరునని రికార్డో ఆ గ్రంథములోనే కౌలును గూర్చి వ్రాసిన అధ్యాయములో చెప్పియున్నాడు. కౌలు రైతులకు ఆ అధ్యాయము చదువకయే తెలియును.

కొరతగా ఉన్నది ఏది?

ఎకరముతో లెక్కించుట మనకు అలవాటు. ఎకరములు తక్కువై, నీరు సమృద్ధిగా ఉన్నచోట అది సరియే. ఆయకట్టు చివరి భూములలో కొరత నీటికి గాని నేలకు కాదు. అచ్చట తడితో లెక్కింపవలెను.

సామాన్యమైన ధర గల యేట మిరప ఎకరములో 60,000, ప్రత్తి ఎకరములో 24,000 మిగులుననుకొనుడు. మిరపకు పది తడులు, ప్రత్తికి మూడు తడులు కావలెననుకొనుడు. ఎకరమునకు చూచినచో మిరప రెండున్నర రెట్లు. తడికి చూచినచో మిరపలో 6,000, ప్రత్తిలో 8,000. పదెకరములుండి, కాలువ కట్టుబడిలోగా ముప్పది ఎకరపు తడులకు మాత్రమే నీరు వచ్చు రైతు మూడెకరములు మిరప వేసినచో 1,80,000 మిగులును. పదెకరములు ప్రత్తి వేసినచో 2,40,000. అదే నీరుండి మూడెకరములే ఉన్న రైతుకు మిరప 1,80,000, ప్రత్తి 72,000. ఇద్దరికిని ఒకే సలహా చెప్పు వ్యాసమేదైనను దానిని ప్రక్కన పెట్టుడు.

మిరప కోతల కాలములో కొరత మనుషులకు. పశ్చిమమున కర్నూలు జిల్లానుండి కుటుంబములు కుటుంబములుగా కోతలకు వలస వచ్చుట మీరందరు చూచునదే. ఆ వలసయు ఈ లెక్కలోనిదే. ఆ నెలలలో వారి మెట్ట ఊళ్లలో వదులుకొనవలసిన పని దాదాపు లేదు, ఇచ్చట కాయ ఎర్రబడి చెట్టునే ఉన్నది. పిల్లల చదువు మాత్రము నిజముగా వదులుకొన్నదే. అది ఏ కూలి లెక్కలోను కనబడదు.

ఇంటిలోని పనులకును ఇదే కొలత. మందు కొట్టుటలో గాని, తాలు కాయ ఏరుటలో గాని రైతే తన కూలివానికంటె నేర్పరియనుకొనుడు. రైతు రోజుకు ఎనిమిది ఎకరములు మందు కొట్టును లేక రెండు క్వింటాళ్లు ఏరును. కూలివాడు మూడెకరములు కొట్టును లేక ఒకటిన్నర క్వింటాలు ఏరును. రైతు క్వింటాలు కాయ ఏరుటకు నాలుగెకరముల మందు పని వదులుకొనును. కూలివాడు రెండెకరముల పని మాత్రమే వదులుకొనును. కాయ ఏరుట కూలివానికి ఇచ్చి రైతు చేనికి పోవుటయే మేలు. "నా అంత బాగా ఎవరు చేయుదురు" అని అన్ని పనులు మీద వేసికొనువారు ఈ లెక్క ఒకసారి చూడవలెను.

మన జిల్లాలలో పంటలు మారిన కథ

ఈ మైదానములలో పంటలు ఎన్నడును స్థిరముగా లేవు. 1920 దశకమునుండి గుంటూరు ప్రాంతమున వర్జీనియా పొగాకు వ్యాపించెను. నేటికిని పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయము గుంటూరులోనే ఉన్నది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. తరువాతి దశకమున ఆరుతడి నీటితోను, పొడవు పింజ రకములు, సంకర రకములతోను ప్రత్తి విరివిగా సాగెను. ఇచ్చటి రైతులు కొందరు రాయచూరు, వరంగల్ ప్రాంతములకు పోయి నేల కొని ప్రత్తి వేసిరి. గుంటూరులో ఎకరము అమ్మిన డబ్బుకు అచ్చట అనేక ఎకరములు వచ్చెను. ఇదియు తులనాత్మక లెక్కయే, కాకపోతే పంటకు బదులు నేలనే మార్చుకొనిరి.

1980 దశకము నడిమికి తెల్లదోమ, 1987-88లో శనగపచ్చ పురుగు ప్రత్తిని ఊడ్చివేసినవి. మందు మీద మందు కొట్టినను పురుగు చావలేదు. ఖర్చు మాత్రము పెరిగెను. ప్రకాశం, గుంటూరు జిల్లాలలో అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతులున్నారు. ఏటేట ఒకే పంట వేసినచో ఆ పంటకు మనకున్న ప్రయోజనమును పురుగే తినివేయును. లెక్కలో వేసిన పది క్వింటాళ్లు మూడో నాలుగో అయినప్పుడు నిష్పత్తి అంతయు మారిపోవును. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను నాశనము చేసినప్పుడును జరిగినది ఇదే.

ప్రకాశం నల్లరేగడిలో శనగ వచ్చిన తీరు ఇంతకంటె ఆసక్తికరము. శనగకు పేరుపొందినది మధ్యప్రదేశ్. మన శీతకాలము పొట్టిది, వెచ్చనిది. శనగ మనకు తగినది కాదనుకొనెడివారు. 1999లో విడుదలయిన జేజీ-11 వంటి తక్కువ కాలపు రకములు వచ్చి ఆ మాటను మార్చినవి. 2000-01లో వర్జీనియా పొగాకుకు ఆంధ్రప్రదేశ్‌లో పంట విరామము ప్రకటించిరి. పర్చూరు, ఇంకొల్లు వైపుల చేలలో శనగ విస్తరించెను. కారణము వెదకినచో, వాన వెలిసిన తరువాత నల్లరేగడిలో మిగిలిన తేమతో, తడి లేకయే, సుమారు వంద రోజులలో పండు పంట అది. దానికై వదులుకొనవలసినది పొగాకు. పొగాకుకు నాటు, రెలుపు, బ్యారను, కట్టెలు, కూలి ఎంతో కావలెను. శనగకు గొర్రు, కోతకు యంత్రము చాలును. శనగ గొప్పగా పండుటచే కాదు, దానికై వదులుకొన్నది తక్కువగుటచే వచ్చినది. అయితే అందరును ఒకేసారి లావు శనగవైపు పోయి, 2013 తరువాత ధర పడి, బస్తాలు శీతల గిడ్డంగులలో ఏండ్ల తరబడి నిలిచిపోయిన సంగతి కూడ మరువరాదు. గిడ్డంగి అద్దె, దానిపై తెచ్చిన ఋణము వడ్డీ కలిసి సరకు విలువను తినివేసినవి.

డెల్టా వరి సంగతి కూడ ఇట్టిదే. తెనాలి, రేపల్లె వైపున వానకాలమున పొలములో నీరు నిలుచును. అచ్చట మిరప వేర్లు కుళ్లును, ప్రత్తి పచ్చబడును. వరికై వదులుకొనునది ఏమియు లేదు. మెట్టవారు "వరిలో ఏమి మిగులును" అని పరిహసించుట కలదు. నీట మునిగిన నేలలో తక్కువ మిగులు వరియే చౌకయైన పంట.

ఇంటి గింజల మాట

మన తాతలు ఎంత మంచి ధర ఉన్నను కొంత చేను జొన్నకు విడిచి, పాతరలలో నింపెడివారు. ఇది లెక్క తెలియక చేసిన పని కాదు. 1832-33లో నందన కరవు గుంటూరును తాకినప్పుడు కృష్ణపై ఆనకట్ట లేదు. అది 1855లో పూర్తియైనది. రైలు లేదు, మంచి దారి లేదు. ధాన్యము కలిగిన చోటినుండి లేని చోటికి తెచ్చు మార్గము లేనప్పుడు చేతిలో డబ్బున్నను గింజ దొరకదు. జనములో పెద్ద భాగము నశించెను. మారకము సాగునన్న నమ్మకము లేనిచోట తులనాత్మక ప్రయోజనము పనిచేయదు.

నేడు బియ్యమునకు ఆ భయము లేదు. కాని అమ్ముధరకును కొనుధరకును నడుమ ఎడము పెద్దదైన సరకు ఇంటికి మాత్రము పండించుకొనుట ఇప్పటికిని గిట్టును. కంది అట్టిది. మీరు కందులు అమ్ము ధర ఒకటి, అంగడిలో కందిపప్పు కొను ధర మరియొకటి. నడుమ మిల్లు, దళారి, రవాణా ఉన్నవి. ప్రత్తి చేనిలో సాళ్ల నడుమనో, గట్ల వెంబడినో వేసిన కందికై వదులుకొను ప్రత్తి కొంచెమే. అమ్ముటకు పదెకరములు కంది వేయుట వేరు, దానిని మామూలు లెక్కలోనే చూడవలెను.

ఈ యేటి లెక్క వేయుటకు

నారు పోయుటకు ముందే, ఒక్కొక్క చేనికి ఒక్కొక్క కాగితము తీసికొనుడు. ఊరంతటికి ఒకటి కాదు, మీ భూమి అంతటికి ఒకటి కూడ కాదు. కాలువ దగ్గరి చేను, దూరపు చేను, చవుడు పారిన చేను వేరు వేరు ఊళ్ల వంటివే. ఆ చేనిలో గడచిన అయిదేండ్లలో ప్రతి పంటకు వచ్చిన దిగుబడిని వ్రాయుడు. చెడిన యేటిని విడువరాదు. మనము మంచి యేటిని గుర్తుంచుకొని చెడ్డ యేటిని "అది వేరే సంగతి" అందుము గాని, పురుగు వచ్చిన యేడును యేడే. ఖర్చు వ్రాయునప్పుడు ఇంటివారి కూలిని, వడ్డీని, కోతకు బయటివారికిచ్చు రవాణాను కలుపుడు. తరువాత పైన చెప్పిన సగటు ధరతో ఏ పంటకు ఎంత మిగులునో చూచి, మీకు కొరతగా ఉన్నది నేలయో, నీరో, డబ్బో దానితో భాగింపుడు.

రెండు పంటలకును వచ్చు అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నచో చేనిని పంచి రెండును వేయవచ్చును. ఈ పంపకము వలన సగటున కొంచెము తగ్గును గాని, ఒక పంట పోయిన యేట రెండవది ఇల్లు నడుపును. పెద్ద తేడా ఉన్నచో పంచుటలో అర్థము లేదు. మిరపకు ఎంత ధర వచ్చిననే ఈ చేనిలో అది ప్రత్తిని మించునో ఆ ధరను కూడ కాగితము చివర వ్రాసి ఉంచుడు. 2025-26కు పొడవు పింజ ప్రత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. మన కాలువ ఊరి లెక్కలో ఈ ధరతో సొంత డబ్బు రైతుకు ఆ హద్దు 11,805 రూపాయలకు, అప్పు రైతుకు 13,445 రూపాయలకు పెరుగును. అనుమానమున్నచో లాం ఫారంలోని శాస్త్రజ్ఞులనో, మీ గ్రామ రైతు సేవా కేంద్రము వారినో సంప్రదించి, ముఖ్యముగా దిగుబడి, తెగులు అంకెలు మీ నేలకు సరియైనవో కావో అడుగుడు. ధర ఎంత వచ్చునని మాత్రము అడుగవలదు, అది వారికిని తెలియదు.